మోండా మార్కెట్‌లో వినబడే వైద్యం: పాటించకూడని సలహాలు

ఊళ్లో ఉన్న అవ్వకు జరమొచ్చినా, బాపుకు షుగర్ పెరిగినా ఏం చేయాలో సికింద్రాబాద్ మోండా మార్కెట్‌లో చెప్పనివాళ్లుండరు. రైల్వే స్టేషన్ దగ్గరే కావడంతో జనగామ, ఆలేరు, భువనగిరి వైపు నుంచి పొద్దున్నే రైళ్లు దిగినవాళ్లు, మెదక్, సిద్దిపేట వైపు నుంచి బస్సుల్లో వచ్చినవాళ్లు ఇటే నడుస్తారు. ఆకుకూర కట్టలు పరుచుకుని కూర్చునే అక్కలు, బస్తాలు మోసే హమాలీ అన్నలు, పెళ్లి సామాన్లకు వచ్చిన కుటుంబాలు, దవాఖానలో మనిషిని పడుకోబెట్టి పండ్లు కొనుక్కుపోయే చుట్టాలు. వీళ్లలో చాలామందికి ఏదో ఒక ఊళ్లో ఇల్లుంది, ఆ ఇంట్లో పానం బాగలేని మనిషి ఉన్నారు. బేరం మధ్యలో ఆ సంగతి వస్తుంది. పక్కనున్నవాళ్లు ప్రేమతోనే ఒక మాట చెప్తారు. ఆ మాట ఫోన్‌లో నిమిషంలో ఊరు చేరుతుంది.

ప్రేమతో చెప్పినా తప్పు సలహా తప్పే, దానికి ప్రాణాలు పోతున్నాయి. ఇక్కడ తరచుగా వినబడే సలహాలను అన్నది అన్నట్టు రాసి, ఎందుకు పాటించకూడదో, బదులుగా ఏం చేయాలో చెప్తాను. అన్నవాళ్లను తప్పుపట్టడానికి కాదు. చెడ్డ సలహా మంచి సలహా కంటే ముందు దొరుకుతుంది, రాత్రి రెండింటికి కూడా దొరుకుతుంది. ఊళ్లలో అది గెలుస్తున్నది అందుకే.

"రెండు రోజులైనా జరం దిగలేదా? ఒక సూది ఏయించి, గ్లూకోజ్ ఎక్కియ్యమను."

తెలంగాణ పల్లెల్లో దీనికంటే ఎక్కువగా నడిచే సలహా లేదు. పత్తి ఏరే కూలీ నుంచి పంతులుగారి దాకా అందరూ నమ్ముతారు. సీసా ఎక్కితే బలం వస్తుందని నమ్మకం. ఆ సీసాలో ఏముందో లెక్క చూడండి. 5 శాతం గ్లూకోజ్ ఉన్న అరలీటరు సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర. టీ చెంచాతో కొలిస్తే ఐదారు చెంచాలు. సెలైన్ సీసా అయితే అందులో నాలుగున్నర గ్రాముల ఉప్పు. తాగగలిగిన మనిషికి దీన్ని నరం గుచ్చి ఎక్కించాల్సిన పని లేదు. దానికోసం ఒక రోజు కూలి అంత డబ్బు పోతుంది. సూది శుభ్రంగా లేకపోతే హెపటైటిస్ బి, సి లాంటి జబ్బులు ఒంట్లోకి వస్తాయి.

అసలు నష్టం డబ్బుది కాదు. సీసా ఎక్కాక రోగి కాసేపు తేలికపడతాడు, రక్తపరీక్ష సంగతి అందరూ మరిచిపోతారు. అది మలేరియానా, డెంగీనా, టైఫాయిడా అన్నది తేలకుండానే రోజులు గడిచిపోతాయి. డెంగీలో ఒళ్లు నొప్పులకని ఇచ్చే డైక్లోఫెనాక్ సూది రక్తస్రావాన్ని తెచ్చిపెట్టగలదు. అవసరానికి మించి ఎక్కించిన నీరు ఊపిరితిత్తుల చుట్టూ చేరి ఊపిరాడకుండా చేయగలదు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: డెంగీలో ప్రమాదం చాలాసార్లు జ్వరం దిగిన తర్వాత మొదలవుతుంది. జ్వరం తగ్గిందని మార్కెట్‌కు బయల్దేరిన మనిషికి కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, కళ్లు తేలేసే నీరసం కనిపిస్తే ఆ గంటే దవాఖానకు తీసుకెళ్లాలి.

జ్వరం ఏదో రక్తపు చుక్కే చెప్పాలి. ఇది ఈ జంట నగరాల వాళ్లకు ఇంకొకరు నేర్పాల్సిన పాఠం కాదు. 1897 ఆగస్టు 20న, మోండా మార్కెట్‌కు కొద్ది కిలోమీటర్ల దూరంలోని బేగంపేటలో, రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. ఆయన చేతిలో ఉన్నది ఒక మైక్రోస్కోపు, పక్కన జ్వరంతో ఉన్న ఒక రోగి, ఆ రోగిని కుట్టిన దోమలు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఇప్పుడు ఆశా కార్యకర్త దగ్గర ఉండే చిన్న కిట్టుతో ఇంటి అరుగు మీదే మలేరియా పరీక్ష చేయవచ్చు. జ్వరమొస్తే పారాసిటమాల్, నీళ్లు, గంజి, మజ్జిగ, రక్తపరీక్ష. ఊరికి ఫోన్ చేసి చెప్పాల్సింది ఇదే.

"పాము కరిసినకాడ కోసి, పైన తాడు గట్టిగ కట్టి, మంత్రమేయించి సీదా పట్నం తీస్కరమ్మను."

ఈ ఒక్క వాక్యంలో నాలుగు తప్పులున్నాయి, నాలుగూ ప్రాణాంతకమైనవే. భారతదేశంలో ఏటా సుమారు 58,000 మంది పాముకాటుతో చనిపోతున్నారని 2020లో వచ్చిన పెద్ద అధ్యయనం అంచనా వేసింది. ఆ మరణాలు ఎక్కువగా పల్లెల్లోనే, వానాకాలం వ్యవసాయ పనుల రోజుల్లోనే. మన పొలాల్లో ప్రాణం తీసేవి ముఖ్యంగా నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. ఈ నాలుగింటి విషానికీ విరుగుడుగా పనిచేసే మందు ఒక్కటే, దాని పేరు యాంటీ స్నేక్ వెనమ్. దాన్ని నరంలోకి ఎక్కించాలి. ప్రభుత్వ దవాఖానల్లో ఉచితం. పసరుకు గానీ మంత్రానికి గానీ ఆ పని చేతకాదు. మంత్రగాడి దగ్గర బతికినవాళ్లు విషం లేని పాము కరిచినవాళ్లో, కరిచినా విషం ఎక్కనివాళ్లో.

తాడు గట్టిగా బిగిస్తే కాలికి రక్తం ఆగిపోయి కుళ్లిపోవచ్చు. దవాఖానలో విప్పిన వెంటనే ఆగిన విషమంతా ఒక్కసారి ఒంట్లోకి పోవచ్చు. కోస్తే, పింజర విషానికి గడ్డకట్టడం మానేసిన రక్తం ఆగదు. నోటితో పీల్చడం వల్ల బయటికొచ్చే విషం ఏమీ ఉండదు.

చేయాల్సింది ఇది. మనిషిని నడవనీయకుండా పడుకోబెట్టండి. మెట్టెలు, కడియాలు, ఉంగరాలు వెంటనే తీసేయండి, వాపు వచ్చాక అవి రావు. కరిచిన కాలినో చేతినో విరిగిన ఎముకకు కట్టినట్టు కర్ర పెట్టి, గుడ్డతో వదులుగా కట్టి కదలకుండా ఉంచండి. 108కి ఫోన్ చేసి, యాంటీ వెనమ్ ఉన్న దగ్గరి దవాఖాన ఏదో అడగండి. పామును చంపి సంచిలో తేవడానికి సమయం పాడుచేయకండి, దాన్ని పట్టబోయిన ఇంకొకరికి కాటు పడుతుంది.

కట్లపాము గురించి విడిగా చెప్పాలి. రాత్రి నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. నొప్పి ఉండదు, గాటు సరిగా కనబడదు. తెల్లారేసరికి కడుపునొప్పి అంటారు, కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది. గ్యాస్ అనుకుని సోడా తాగించి కూర్చుంటే ఊపిరి ఆగిపోతుంది. నేల మీద పడుకున్న పిల్లలు పొద్దున రెప్పలు ఎత్తలేకపోతే, పాము కనబడలేదన్న మాట పట్టుకుని ఆగకండి.

ఇక పట్నం సంగతి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చేసే ఒక పరీక్ష ఉంది: శుభ్రమైన పొడి గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి కదపకుండా ఇరవై నిమిషాలు ఉంచి, వంచి చూడటం. గడ్డకట్టకపోతే పింజర విషం పనిచేస్తున్నట్టు. కరెంటు లేకపోయినా చేయగలిగిన పరీక్ష ఇది. విషం ఎక్కినట్టు తేలితే మొదటి మందు అక్కడే పడాలి, పెద్ద దవాఖాన ప్రయాణం ఆ తర్వాత. ఎనభై కిలోమీటర్ల దూరంలోని సికింద్రాబాద్‌కు మందు పడకుండా బయల్దేరిన మనిషి దారిలోనే చనిపోతే, ఆ చావుకు పాముతోపాటు ఈ సలహా కూడా కారణం.

"నీళ్లలెక్క పోతుంటే నీళ్లు ఆపాలె. కడుపు మాడిస్తె అదే కట్టుకుంటది."

ఈ మాట మోండాలో అసలు వినబడకూడదు. ఇక్కడికి నడిచిపోయేంత దగ్గరలో, జనరల్ బజార్‌లో ఉన్న ఉజ్జయినీ మహంకాళి గుడి పుట్టిందే గత్తర (కలరా) భయంలో. 1813లో ఇక్కడ గత్తర ప్రబలినప్పుడు, సైన్యంలో డోలీ మోసే పనిలో ఉజ్జయినికి వెళ్లిన సురిటి అప్పయ్య అక్కడి అమ్మవారికి మొక్కుకుని, 1815లో తిరిగొచ్చి ఇక్కడ విగ్రహం నిలిపాడని ఆలయ కథ. ఈ గుడి లష్కర్ బోనాల వెనక ఆ నాటి చావుల జ్ఞాపకం ఉంది. గత్తరలో మనిషిని చంపేది ఒంట్లో నీరూ ఉప్పూ కరువవడం. అప్పట్లో అది ఎవరికీ తెలియదు కాబట్టి మొక్కుకున్నారు. మనకు తెలుసు.

1971లో బంగ్లాదేశ్ యుద్ధం వల్ల వచ్చిన శరణార్థులు బెంగాల్‌లోని బన్‌గావ్‌లో కలరాతో నేల మీద పడి ఉన్నప్పుడు సెలైన్ అయిపోయింది. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్, వంటసోడా కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పెట్టి, రోగుల బంధువులనే తాగించమన్నారు. దాదాపు 30 శాతం ఉన్న మరణాలు 3.6 శాతానికి దిగాయి. మందు తాగించింది నర్సులు కారు, తల్లులూ అన్నదమ్ములూ. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ అదే. ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలో కలిపి, చెంచా చెంచాగా తాగిస్తూ ఉండాలి. ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, టీ చెంచాతో అంచుకు సమంగా కొలిచి. పిల్లలకు తల్లిపాలు ఆపకూడదు, అన్నం ఆపకూడదు. ఆశా అక్క ఇచ్చే జింక్ గోలీలు 14 రోజులూ వేయాలి. కళ్లు లోపలికి పోయి, తాగలేక, మగతగా ఉన్న పిల్లకే సెలైన్ కావాలి, అదీ దవాఖానలో.

"ఆర్‌ఎంపీ ఉన్నడుగా, ఇంక దవాఖాన ఎందుకు?" అని పల్లెవాళ్లు. "ఆర్‌ఎంపీ మొహం కూడా చూడొద్దు" అని చదువుకున్నవాళ్లు.

రెండూ తప్పు సలహాలే. రెండో దాన్ని చెప్పేవాళ్లు చాలావరకు రాత్రి పన్నెండు గంటలకు ఊళ్లో పసిపిల్ల ఊపిరి ఎగబోస్తుంటే ఏం చేయాలో చెప్పరు. ఆర్‌ఎంపీ అంటే డాక్టర్ చదువు లేకుండా ఊళ్లో వైద్యం చేసే మనిషి. ఆయన ఎందుకు ఉన్నాడు? తలుపు తడితే వస్తాడు. ఉద్దెరకు మందిస్తాడు, పంట అమ్మాక తీసుకుంటాడు. పేరు పెట్టి పిలుస్తాడు, చేయి పట్టుకుని చూస్తాడు. మైదాన ప్రాంతంలో ముప్పై వేల జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అన్నది ప్రభుత్వ ప్రమాణం, గిరిజన ప్రాంతంలో ఇరవై వేలకు. ఆ ముప్పై వేల మందిలో రాత్రిపూట జబ్బుపడ్డవాళ్లు ఎవరి దగ్గరికి పోవాలి?

అలాగని ఆయన చేసే వైద్యం మంచిదని అనను. చట్టం కూడా అనదు. అర్హత లేకుండా అల్లోపతి వైద్యం చేయడం 2019 జాతీయ వైద్య కమిషన్ చట్టం ప్రకారం నేరం. ప్రతి దగ్గుకూ యాంటీబయాటిక్, ప్రతి నొప్పికీ స్టెరాయిడ్ సూది. ఈ అలవాటు వల్ల మోకాళ్ల నొప్పులని నెలల తరబడి సూదులు వేయించుకున్న అవ్వలకు ఎముకలు పెళుసవుతున్నాయి, షుగర్ పెరుగుతోంది.

శిక్షణ ఇస్తే మారతారా? పశ్చిమ బెంగాల్ బీర్‌భూమ్ జిల్లాలో ఇలాంటి 304 మంది గ్రామ వైద్యులను తీసుకుని, కొందరికి తొమ్మిది నెలలు శిక్షణ ఇచ్చి చూశారు. అభిజిత్ బెనర్జీ, జిష్ణు దాస్ తదితరులు చేసిన ఈ అధ్యయనం 2016లో వెలువడింది. శిక్షణ పొందినవాళ్లు జబ్బును సరిగా చూసుకోవడం మెరుగుపడింది. కానీ అక్కర్లేని మందులు, యాంటీబయాటిక్‌లు ఇవ్వడం తగ్గలేదు. నాకు ఇందులో కనిపించేది ఇదీ: మనిషికి తెలివి పెంచవచ్చు, మందు అమ్మితేనే పొట్ట గడిచే పద్ధతి ఉన్నంతకాలం మందు ఎక్కువే పడుతుంది.

కాబట్టి మీ ఊరి ఆర్‌ఎంపీని పోరాడి తరమకండి, దేవుణ్ణీ చేయకండి. బీపీ చూపించుకోండి, గాయం కడిగి కట్టు కట్టించుకోండి, రాత్రి 108కి ఫోన్ చేయించి దవాఖాన దాకా తోడు తీసుకెళ్లండి. సూది, సెలైన్ అంటే వద్దని మర్యాదగా చెప్పండి. గర్భిణి, నెలలోపు పసిబిడ్డ, ఛాతీ నొప్పి, డొక్కలెగరేసే పిల్ల, మూతి వంకరపోయి చేయి పడిపోయిన మనిషి, వీళ్లకు ఆయన దగ్గర ఒక్క నిమిషం కూడా వద్దు.

ఛాతీ నొప్పికి "గ్యాస్ పట్టింది, వాము తిను" అనే సలహా కూడా ఈ సందుల్లో బాగానే తిరుగుతుంది. నలభై దాటిన మనిషికి చెమటలతో గుండెల్లో బరువు వస్తే అది గుండెపోటు కాదని ఈసీజీ చెప్పేదాకా గుండెపోటనే అనుకోవాలి.

"బీపీ గోలీ మొదలుపెడితే జీవితాంతం ఇడవదు. మొదలే పెట్టకు." "షుగర్ నార్మల్‌కు వచ్చింది, ఇంక ఆపు."

గోలీ వేసుకుంటున్నారు కాబట్టే నార్మల్‌కు వచ్చింది. ఆపితే మళ్లీ పెరుగుతుంది, నొప్పి లేకుండా పెరుగుతుంది, పక్షవాతం వచ్చాక తెలుస్తుంది. దేశంలో బీపీ అదుపు కార్యక్రమం 2017 చివర్లో ఐదు రాష్ట్రాల్లో మొదలైంది, వాటిలో తెలంగాణ ఒకటి. ఉపకేంద్రంలోని నర్సు (ఏఎన్‌ఎం) బీపీ, షుగర్ చూసి గోలీలు ఉచితంగా ఇస్తుంది. పట్నంలో పెద్ద డాక్టర్ రాసిన ఖరీదైన గోలీ రెండు నెలల్లో మానేయడం కంటే ఉపకేంద్రం గోలీ రోజూ వేసుకోవడం వెయ్యి రెట్లు మేలు.

దగ్గుకు సీసా మీద సీసా సిరప్ మార్చమనే సలహా ఇంకొకటి. రెండు వారాలు దాటిన దగ్గుకు కావలసింది తెమడ పరీక్ష. క్షయ అని తేలితే మందులు ఉచితం. తిండి ఖర్చుకు నెలకు 500 ఉన్న సాయాన్ని 2024 నవంబర్ నుంచి 1,000 రూపాయలు చేశారు.

"ఊళ్లె ఏముంది? సీదా గాంధీకి తీస్కరా."

2003 దాకా గాంధీ ఆసుపత్రి సికింద్రాబాద్ స్టేషన్ దగ్గరే ఉండేది. రైలు దిగితే గాంధీయే అన్న అలవాటు అప్పటిది. ఇప్పుడది ముషీరాబాద్‌లో, పాత జైలు ఉన్న చోట. అక్కడ పెద్ద వైద్యం జరుగుతుంది, కాదనను. కానీ జలుబుకూ దురదకూ ఇద్దరు మనుషులు కూలి వదులుకుని వచ్చి, వరుసలో నిలబడి, సాయంత్రం బండికి తిరిగి పోవడం ఏం న్యాయం? నిజంగా రావాల్సినవాళ్లు మాత్రం ఒట్టి చేతులతో రాకండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం రాసిచ్చిన కాగితం, పాత రిపోర్టులన్నీ, వేసుకుంటున్న గోలీల అట్టలు, ఆధార్, రేషన్ కార్డు తెచ్చుకోండి. ఆరోగ్యశ్రీ పరిధి తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి 10 లక్షల రూపాయలు. ఆ పథకం వర్తించే ఆసుపత్రుల్లో ఆరోగ్యమిత్ర బల్ల ఉంటుంది. అప్పు చేసే ముందు అక్కడ అడగండి.

"ఊళ్లె పోస్టింగా? సంతకం పెట్టి మధ్యాహ్నం రైలెక్కు." "వాళ్లకు ఎంత చెప్పినా అర్థం కాదు." "సూది ఇయ్యకుంటే నీ దగ్గరికి ఎవ్వరూ రారు."

ఇవి రోగులకు ఇచ్చే సలహాలు కావు, కొత్తగా పల్లెకు వెళ్లే డాక్టర్లకు పెద్దలు ఇచ్చేవి. నా దృష్టిలో ఇన్నింటిలోనూ చెడ్డవి ఇవే, మిగతావన్నీ వీటి నీడలోనే బతుకుతున్నాయి. తమ్ముడూ, చెల్లీ, మీరు మధ్యాహ్నం రైలెక్కితే ఆ సాయంత్రం నుంచి ఆ ఊరికి డాక్టర్ మంత్రగాడూ, సూది సంచీ. వాళ్లకు అర్థం కాదనడం అబద్ధం. విత్తనం రకం, మందు మోతాదు, వడ్డీ లెక్క నోటితో చెప్పే మనుషులు వాళ్లు. మందు రాసిచ్చాక "అమ్మా, ఇది ఎప్పుడెప్పుడు వేసుకుంటవో నాకు చెప్పు" అని ఒక్కసారి అడగండి, తప్పుంటే అక్కడే దొరుకుతుంది. చదవలేనివాళ్లకు అట్ట మీద సూర్యుడినీ చంద్రుడినీ గీయండి.

పల్లె మనుషుల చేతుల్లో ఎంత వైద్యం పెట్టవచ్చో మన పొరుగునే, గోదావరి, ప్రాణహితలకు అవతల గడ్చిరోలిలో డాక్టర్ దంపతులు అభయ్ బంగ్, రాణీ బంగ్ చూపించారు. పసిబిడ్డల ఊపిరి లెక్కపెట్టడం, వెచ్చగా ఉంచడం, న్యుమోనియాను, రక్తంలో ఇన్‌ఫెక్షన్‌ను గుర్తించి మందివ్వడం ఊరి ఆడవాళ్లకు నేర్పారు. నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రికలో రాశారు. నేడు ఆశా అక్క దవాఖానలో పుట్టిన బిడ్డ ఇంటికి 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో వచ్చి చూసే పద్ధతి ఆ పని నుంచే వచ్చింది. ఆమె వచ్చినప్పుడు "మా బిడ్డ బాగనే ఉన్నది పో" అని గుమ్మం నుంచే పంపేయమనే సలహా కూడా విన్నాను. ఆమెను లోపలికి పిలవండి, బిడ్డను తూయనీయండి. పుట్టగానే తేనె నాకించమనీ ముర్రుపాలు పిండేయమనీ చెప్పే అత్తమ్మలకు నచ్చజెప్పే పని కూడా ఆమెకే వదిలేయండి, ఆమెకు అలవాటే.

మీలో చాలామందికి ఊళ్లో తల్లిదండ్రులున్నారు. ఈ రోజే ఫోన్ చేసి మూడు నంబర్లు తీసుకోండి: ఆశా కార్యకర్తది, ఏఎన్‌ఎంది, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టర్‌ది. పాముకాటు మందు దగ్గరలో ఏ దవాఖానలో ఉంటుందో కనుక్కోండి. నాలుగు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఇంట్లో పెట్టించండి. ఆ నంబర్లను 108తో కలిపి పెద్ద అక్షరాలతో గోడ మీద రాయించండి. 108 ఫోనూ ఉచితమే, వచ్చే అంబులెన్సూ ఉచితమే.